పన్నెండో జత మేజోళ్ళు

బుకిట్ పంజాంగ్,
4 మార్చి 2024

చిన్న వైద్య పరికరాల కంపెనీలకు గ్రాంటులిచ్చే ఆఫీసులో తెలుగు తెలిసిన సలహాదారు గారికి,

జగన్మోహనరావు నమస్కారాలు. మీ పేరు నాకు తెలియదు. మీ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగోసారి ఆ అమ్మాయి నా ఇంగ్లీషుకి విసిగిపోయి, "అంకుల్, మా దగ్గర తెలుగు వచ్చినావిడ ఒకరున్నారు, ఆవిడకి రాసెయ్యండి" అంది. అందుకని రాస్తున్నాను.

మాది రేపల్లె. సింగపూర్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇక్కడ ఒక ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే పని చేసి రిటైరయ్యాను. వయసు అరవై మూడు. మా ఫ్లాట్లో బాంబులు పడితే దాక్కోమని కట్టిన ఇనప తలుపు గది ఉందిగా, అందరూ అందులో బియ్యం బస్తాలు పెట్టుకుంటారు. నేను కంపెనీ పెట్టాను. కంపెనీ అంటే నేను, మా ఆవిడ సూర్యకుమారి, ఒక కుట్టుమిషను.

మేము చేసేది మేజోడు. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. నా స్నేహితుడు సుధాకరరావు కొత్త బూటులో ఒక గులకరాయి పడితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. తెలియలేదు. మూడు నెలల్లో మోకాలి కిందికి తీసేశారు. ఏడాది తిరిగేసరికి మనిషే లేడు. పుండు పడబోయే చోట చర్మం ముందుగానే వేడెక్కుతుంది. ఆ వేడి కనిపెట్టే బిళ్ళలు నా మేజోడులో కుట్టాం. ఒక పాదం రెండోదానికంటే వేడెక్కితే చీలమండ దగ్గర చిన్న డబ్బీ మోగుతుంది. అంతే పరికరం.

సుధాకరరావుకి అందలేదు. ఇంకెవరికైనా అందితే బాగుండునని ఆశ. మీ సహాయం కావాలి.

ఇట్లు,
కె. జగన్మోహనరావు

తా.క.: ఫారంలో "మ్యాచింగ్ ఉందా?" అని అడిగారు. మా ఆవిడ "ఎందుకు లేదు, రెండు కాళ్ళకీ ఒకే రంగు" అని టిక్కు పెట్టేసింది. తప్పయితే చెప్పండి.

---

రాఫెల్స్ ప్లేస్,
7 మార్చి 2024

గౌరవనీయులైన జగన్మోహనరావు గారికి,

నిగార్ ఆదాబ్ చేసి రాసేది. ఈ ఆఫీసుల నాకు తెలుగు ఉత్తరం రావుడు ఇదే మొదటిసారి. మాది నల్లగొండ. పదో తరగతి దాక తెలుగు మీడియంలనే చదువుకున్న. మీరు తెలుగులనే రాయండి, ఇంగ్లీషు చేసి ఎక్కించుడు నా పని.

మ్యాచింగ్ అంటే రంగు కాదు సర్. సర్కారు సగం పెడ్తే మిగిలిన సగం మీరు పెట్టాలె అని. మీ మిషను, మీరిద్దరు చేసిన పని కూడ అందుల వస్తయి. అది నేను చూస్కుంట.

పరికరం వాడి చూసేటందుకు పన్నెండుమంది కావాలె. పన్నెండుమందితోనే మొదలుపెట్టాలె. మధ్యల ఒకరు మానుకుంటే పర్వాలేదు. ఒక్కొక్కరికి డాక్టరు సంతకం ఉండాలె. నిబంధనల పుస్తకం దీంతోనే పంపుతున్న.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మీరిప్పుడు ఉన్నదాన్ని మా దగ్గర మృత్యులోయ అంటరు. భయపెట్టాలని కాదు, ఉన్నది చెప్తున్న. మీ అసొంటోళ్ళు సగం మంది ఇక్కడనే పోతరు. అందుకే మేము ముందుగాలనే ఎగ్జిట్ ప్లాన్ అడుగుతం. ఎప్పుడు, ఎట్ల, మీ తర్వాత ఎవరి చేతికి. ఆన్‌లైన్ ఫారంల నింపండి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపల ఉండాలె.

ఇట్లు,
నిగార్

తా.క.: ఎగ్జిట్ గురించి ఆలోచించుడు మంచిగ అనిపించదు అని చాలమంది అంటరు. రాసినంక మనసు తేలికైతది.

---

బుకిట్ పంజాంగ్,
12 మార్చి 2024

అమ్మా నిగార్ గారికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. మృత్యులోయ సంగతి ఇంత సూటిగా ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేశాను, అక్కడి డాక్టర్లు కూడా మాట నమిలి చెబుతారు. మీరు దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి.

నిన్న ఉదయం నేనూ సూర్యకుమారీ కంప్యూటరు ముందు కూర్చున్నాం. పదిహేనేళ్ళు ఉంటాననుకున్నాను. ఒప్పుకోలేదు. ఎర్రగా వచ్చింది. పన్నెండు అడిగాం. ఎర్రగానే వచ్చింది. పది. ఎనిమిది. ఎనిమిదికి కూడా లేదు. అత్యాశ ఎందుకులెమ్మని చివరికి మూడేళ్ళకి ఖాయం చేసుకున్నాం. సూర్యకుమారి లేచి వెళ్ళి బాల్కనీలో బట్టలు తియ్యడం మొదలుపెట్టింది. అవి ఇంకా ఆరలేదు.

మండాయ్‌లో దహనం చాలు. ఆర్భాటం వద్దు. నా తర్వాత కంపెనీ సూర్యకుమారిదే. ఆవిడ కుట్టు నాకంటే గట్టిది. ఈ మూడేళ్ళలో మేజోడు పదిమంది కాళ్ళకి ఎక్కితే అదే చాలు.

ఆశీస్సులతో,
జగన్మోహనరావు

తా.క.: మీరన్నట్టు రాశాక మనసేమీ తేలిక కాలేదు.

---

రాఫెల్స్ ప్లేస్,
15 మార్చి 2024

అంకుల్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మూడోసారి చదవలేకపోయిన. ఇంత పెద్ద మాట విన్నంక కూడ ఇంకొకరి కాళ్ళ గురించి ఆలోచిస్తున్నరు.

మీ ఫైలు సెప్టెంబరు కమిటీకి పోయేది. నేను పెద్దోళ్ళతోని కొట్లాడి మే కమిటీకి తెచ్చిన. ఎందుకు తొందర అని అడిగిన్రు. చెప్పలేదు. అది మీ ఇంటి సంగతి. కాని పన్నెండుమంది ఈ నెలాఖరుకు దొరకాలె.

ఇంట్ల పిల్లలకు తెలుసా? ఆంటీకి మెల్లగ నచ్చజెప్పండి. మీరు ధైర్యంగుండండి.

మీ,
నిగార్

తా.క.: మొదటి ఉత్తరంల మీరు చాన ఆరోగ్యంగ కనిపించిన్రు. ఉత్తరాన్ని చూసి ఏం చెప్పలేం.

---

బుకిట్ పంజాంగ్,
22 మార్చి 2024

అమ్మా నిగార్,

సెప్టెంబరు దాకా ఆగలేనని మీ ఆఫీసుకే తెలిసిపోయిందంటే ఇక నాకు అనుమానం లేదు. ఇన్నాళ్ళూ కొంచెం ఉండేది.

సూర్యకుమారికి మెల్లగా చెప్పమన్నారు. మెల్లగానే చెప్పాను. కింద ఫ్లాటువాళ్ళు పైకి వచ్చారు.

పాలీక్లినిక్‌కి వెళ్ళి అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. ఆ చిన్నపిల్ల డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, నవ్వుతూ "ఏమీ లేదు అంకుల్" అంది. ఏమీ లేదంటే ఇంక చెయ్యడానికి ఏమీ లేదనేగా. పాపం, నా మొహం చూసి పైకి చెప్పలేకపోయింది.

పని మాత్రం ఆపలేదు. మా బ్లాకు పక్క హాకర్ సెంటర్లో పొద్దున్నే కాఫీకి చేరే షుగరు బ్యాచి ఒకటుంది. వాళ్ళలో పదకొండు మంది ఒప్పుకున్నారు, డాక్టరు సంతకాలు కూడా అయ్యాయి. పన్నెండోవాడు సాంబమూర్తి. వారం కిందట సరేనన్నాడు. నిన్న నా సంగతి తెలిసి, "పోయేవాడి కంపెనీకి నా కాలెందుకయ్యా ఇవ్వడం, అది మోగితే ఎవడికి చెప్పుకోను?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఏం చెయ్యాలో తోచడంలేదు. పదకొండు మందితో మొదలుపెట్టనివ్వరు కదా.

ఆశీస్సులతో,
జగన్మోహనరావు

తా.క.: నమూనాకి ఇచ్చిన మేజోడు ఒకాయన విప్పి, హాకర్ సెంటర్లో బల్ల తనదని చోప్ చెయ్యడానికి పెట్టాడు. అందరూ టిష్యూ ప్యాకెట్టు పెడతారు. మధ్యాహ్నం దాకా ఆ బల్లనే కాదు, చుట్టుపక్కల నాలుగు బల్లల్ని కూడా ఎవరూ ముట్టుకోలేదట.

---

రాఫెల్స్ ప్లేస్,
26 మార్చి 2024

అంకుల్,

పన్నెండో ఆయన దొరికిన్రు. పేరు మజీద్. తంజోంగ్ పగార్‌ల ఉంటరు. అరవై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళ షుగరు, అరికాళ్ళల్ల స్పర్శ లేదు. డాక్టరు సంతకం పెట్టిచ్చిన. తెలుగు మంచిగ మాట్లాడ్తరు, జర ఎక్కువనే మాట్లాడ్తరు.

ఒకటో తారీఖు నుంచి మొదలుపెట్టండి. మీకున్న టైంల ఒక్క రోజు కూడ వృథా కావద్దు.

నిగార్

తా.క.: ఆయన నాకెట్ల తెలుసు అని అడగకండి. సింగపూర్ చిన్న ఊరు.

---

బుకిట్ పంజాంగ్,
11 ఏప్రిల్ 2024

అమ్మా నిగార్,

నేను చావడం లేదు.

మా అమ్మాయి నిఖిల ఆఫీసు పని మీద నెల రోజులు జకార్తా వెళ్ళి మొన్న వచ్చింది. ఇంట్లో చూస్తే వాళ్ళమ్మ కళ్ళు వాచి ఉన్నాయి, నేను వీలునామా రాస్తున్నాను. "వాట్ హ్యాపెండ్ లా?" అంది. ఫారం చూపించాను. చదివి అక్కడే నేల మీద కూలబడి నవ్వింది. "పా! ఎగ్జిట్ అంటే కంపెనీ పెద్దవాళ్ళకి అమ్మేసి బయటికి రావడం లా! చచ్చిపోయేది కంపెనీలు పా, నువ్వు కాదు. నోబడీ ఈజ్ ఆస్కింగ్ యూ టు డై!"

సూర్యకుమారి పది నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత పదకొండో నిమిషం నుంచి ఇప్పటిదాకా అంటూనే ఉంది. మూడు వారాలుగా నేను అడిగిన కూరలన్నీ చేసిపెట్టింది. ఇవాళ ఉప్మా.

మీకు కోపం వస్తుందేమో. నా తెలివితక్కువకి మీరు పెద్దవాళ్ళతో కొట్లాడారు. ఫారం దిద్దాను. ఏడేళ్ళు వేశాను, వెంటనే ఒప్పుకుంది.

పరీక్ష బాగానే సాగుతోంది. వారానికోసారి పన్నెండుమందినీ కలుస్తున్నాను. నిన్న పండగ కదా, మజీద్ గారు తంజోంగ్ పగార్ స్టేషన్ దగ్గరికి డబ్బాలో షీర్ ఖుర్మా పట్టుకొచ్చారు. తను తినకూడదు కనక నా చేత రెండు గిన్నెలు తినిపించి, నేను తింటుంటే చూసి తృప్తి పడ్డారు. మీకు కూడా పండగ శుభాకాంక్షలు.

మీ,
జగన్మోహనరావు

తా.క.: సాంబమూర్తి నేను పోవడంలేదని విని వచ్చాడు. తన కాలు ఇస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

---

రాఫెల్స్ ప్లేస్,
15 ఏప్రిల్ 2024

అంకుల్,

కోపమా! మీ ఉత్తరం ఆఫీసు ప్యాంట్రీల చదివి ఏడ్చిన. నవ్వి ఏడ్చిన్నో, సిగ్గుతోని ఏడ్చిన్నో తెల్వదు. ఆ ఎర్ర అక్షరాలు డాక్టరు కంప్యూటర్ల వచ్చినయి అనుకున్న. ఫారంల ఆ పేజీ తెరిచి చూస్తె అయిపోయేది. చూడలేదు. మీకు మృత్యులోయ అని రాసింది నేనే.

మీరు బాగున్నరు, అంతకంటె ఏం కావాలె. కాని ఆ తొందరల నేను కొన్ని పనులు చేసిన. ఇప్పుడు వెనుకకు తీస్కరాదు. అవి మీకు సంబంధం లేదు. మీరు రిపోర్టు మంచిగ రాయండి.

నిగార్

తా.క.: ఆంటీకి నా తరఫున క్షమాపణ చెప్పండి. మెల్లగ కాదు, గట్టిగనే చెప్పండి.

---

బుకిట్ పంజాంగ్,
28 ఏప్రిల్ 2024

అమ్మా నిగార్,

శుక్రవారం ఒక మేజోడు మోగింది. మొదటిసారి. ఎవరిదో మీకు తెలియాలి కనక వివరంగా రాస్తున్నాను. మజీద్ గారిది.

తంజోంగ్ పగార్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. డబ్బీకి నేను పెట్టిన మోత, రైలు తలుపులు మూసుకునే మోతలా ఉంటుంది. అది మోగగానే పదిమంది మెట్ల వైపు పరిగెత్తారు. మజీద్ గారు మాత్రం కదలకుండా, "బండిదా, నాదా?" అన్నారు.

"మీదే," అన్నాను.

మేజోడు విప్పి చూశాం. ఎడమ పాదం. గాయం లేదు, వాపు లేదు, వేలి కింద మందంగా కాయ కాసి ఉంది. అంతే. "ఏం లేదయ్యా, నీ డబ్బీ ఖరాబైంది," అని నవ్వారు. నాకూ అదే అనుమానం వచ్చింది. నిజం చెబుతున్నాను, ఇంటికి వెళ్ళి డబ్బీ విప్పి చూద్దాం అనుకున్నాను. ఎందుకో సుధాకరరావు బూటు గుర్తొచ్చింది. బతిమాలి క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

డాక్టరు ఆ కాయని కొంచెం చెక్కేసరికి లోపలంతా చీము. ఎముకకి ఇంకా అంటలేదు. "ఇంకో రెండు మూడు రోజులైతే వేళ్ళు తీసేయాల్సి వచ్చేది," అన్నాడాయన. అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపారు, శుభ్రం చేసి కట్టు కట్టారు. పాదం ఉంటుంది. ఐదు వేళ్ళూ ఉంటాయి. నేను రెండుసార్లు అడిగి కనుక్కున్నాను.

ఆయనకి నొప్పి లేదు. భయపడ్డారు కాని బయటపడలేదు, దారంతా నల్లగొండలో క్రికెట్ ఆడిన కబుర్లు చెప్పారు. వాళ్ళమ్మాయికి ఫోన్ చేయించాను. ఆవిడ వచ్చేలోపు నేను వచ్చేశాను, మిగతావాళ్ళ డబ్బీలు చూడాల్సి ఉంది.

మీ,
జగన్మోహనరావు

తా.క.: ఆ మోత మార్చాలి. పరిగెత్తినవాళ్ళలో ఒక పెద్దాయన రైలు లేకపోయేసరికి నన్ను చాలాసేపు తిట్టాడు.

---

రాఫెల్స్ ప్లేస్,
4 జూన్ 2024

అంకుల్,

మజీద్ గారి ఇంటోళ్ళు మిమ్మల్ని జన్మల మర్చిపోరు. ఇది ముందుగాల రాయాలె అని రాసిన. ఇప్పుడు రాసేది రాయబుద్ధి అయితలేదు.

గ్రాంటు రాలేదు.

కమిటీ రాసింది ఇది: పదకొండు మంది ఆరు వారాలు వాడిన్రు, ఒక్కసారి కూడ మోగలేదు, ఒక్క పుండు కూడ దొరకలేదు, కాబట్టి పరికరం పనిచేస్తది అనేటందుకు ఆధారం లేదు.

నాకు అర్థమైతలేదు. మోగింది కద! ఒక మనిషి కాలు నిలబడ్డది కద! మీ రిపోర్టు తెరిచి చూసిన. పన్నెండో మనిషి దగ్గర ఒక్కటే వరుస ఉంది, "మధ్యలో మానుకున్నారు" అని. మీరు మర్చిపోయిన్రా? పేజీ జారిపోయిందా? అది ఒక్కటి ఉంటే గ్రాంటు మీదే. పొరపాటైతే వెంటనే రాయండి, శుక్రవారం దాక టైముంది, నేను మళ్ళ కమిటీ ముందర పెడ్త.

నిగార్

తా.క.: ఈసారి నవ్వేటిది ఏం లేదు.

---

బుకిట్ పంజాంగ్,
6 జూన్ 2024

అమ్మా నిగార్,

పేజీ జారిపోలేదు. నేనే తీసేశాను. కమిటీ ముందు ఏమీ పెట్టకండి.

ఆ రోజు క్లినిక్‌లో డాక్టరు కత్తి తీసేసరికి మజీద్ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "నా బిడ్డకు చెప్పకయ్యా. రాఫెల్స్ ప్లేస్‌ల గ్రాంటులిచ్చే ఆఫీసుల చేస్తది. నిగార్ దాని పేరు. పనంత ఇడిచిపెట్టి ఉరికొస్తది," అన్నారు. మీరు ఆయన కూతురని అప్పుడే తెలిసింది నాకు. ఆయన వద్దన్నా మీకు ఫోన్ చేయించాను. మీరు వచ్చేలోపు వచ్చేశానని రాశాను కాని, ఆసుపత్రిలో లిఫ్టులోంచి మీరు పరిగెత్తుకుంటూ రావడం దూరం నుంచి చూశాను. ముక్కు అచ్చం ఆయనదే. ఎదురుపడకూడదని పక్క మెట్ల మీదుగా దిగిపోయాను.

ఇంటికొచ్చి మీరు పంపిన నిబంధనల పుస్తకం తీశాను. సలహాదారు కుటుంబంవాళ్ళు పరీక్షలో ఉండకూడదు. ఉన్నారని తేలితే దరఖాస్తు రద్దు, సలహాదారు ఉద్యోగం పోతుంది. మీ ఉద్యోగం మీద ఈ దేశంలో ఉండనిచ్చే మీ పాసు ఉంది, మీ పాసు మీద మీ నాన్నగారి పాసు ఉంది. ఆయనే చెప్పారు. అది పోతే నెల రోజుల్లో ఇద్దరూ సామాను సర్దుకోవాలి, ఆయన కట్టు కాలితో. మీరు ఆ పని ఎందుకు చేశారో నాకు తెలుసు. ముసలాడు పోతున్నాడు, పన్నెండోవాడు దొరకడం లేదు, అందుకని చేశారు. పోతున్నానని చెప్పింది నేనేగా.

కాలు నిలబడిందని రాస్తే అది ఎవరి కాలని అడుగుతారు. అడగకుండా ఎలా ఇస్తారు?

రెండు రోజులు ఆ ఇనప తలుపు గదిలో ఊరికే కూర్చున్నాను. సూర్యకుమారి వచ్చి, "ఏమిటి, మళ్ళీ పోతున్నారా?" అంది. అంతా చెప్పాను. ఆవిడ బల్ల మీది మేజోడు తీసి చేతిలో తిప్పుతూ, "ఇది ఎందుకు కుట్టాం?" అంది.

"కాలు కోసం," అన్నాను.

"ఉందిగా కాలు," అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చాలాసేపు బయటికి రాలేదు.

అప్పుడు ఆ పేజీ తీసేసి, మధ్యలో మానుకున్నారని రాశాను. అబద్ధం కాదు. కట్టు కట్టిన కాలికి మేజోడు ఎక్కదు.

కమిటీ మీద నాకు కోపం లేదు. వాళ్ళకి కనబడింది వాళ్ళు రాశారు. సోమవారం నుంచి ఒక డయాలిసిస్ సెంటర్లో యంత్రాలు చూసే పనికి వెళ్తున్నాను. కంపెనీ మూసేస్తున్నాం. బాధ లేదని మీకు అబద్ధం రాయను. పొద్దున్నే లేచి అలవాటుగా ఆ గది తలుపు తీస్తాను, ఒక నిమిషం నిలబడి మళ్ళీ వేసేస్తాను. బరువైన తలుపు.

రేపు మీ నాన్నగారికి కట్టు పూర్తిగా విప్పుతారు. నేను వెంట వెళ్తున్నాను. మీరు రావద్దు. మనిద్దరం ఒకచోట కనబడడం మంచిది కాదు. ఆయన నడవగానే ఫోన్ చేసి చెబుతాను.

ఈ ఉత్తరం దాచుకోకుండా చింపెయ్యమ్మా.

మీ అంకుల్,
జగన్మోహనరావు

తా.క.: ఈ సంగతులేవీ మజీద్ గారికి తెలియవు. గ్రాంటు రాలేదని మాత్రం చెప్పాను. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "కట్టు ఇప్పంగనే మొదలు రాఫెల్స్ ప్లేస్‌కు పోత. నా బిడ్డను పక్కన నిలబెట్టుకొని, ఆ కమిటీవాళ్ళకు నా కాలు చూపించి నాలుగు తిట్టి వస్త," అంటున్నారు. ఎలాగైనా ఆపండి.